హైదరాబాద్ నుంచి డాలస్‌కి పన్నెండు గంటలేనా? నాన్న లెక్క ఎక్కడ తప్పింది?

ఖమ్మం కుర్రోడు:
అక్క పురుడుకని అమ్మానాన్న సెప్టెంబరులో డాలస్ వెళ్తున్నారు, విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. దుబాయ్‌లో మారాలి. టికెట్ మీద హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4:20కి బయల్దేరి అదే రోజు సాయంత్రం 4కి డాలస్‌లో దిగుతారని ఉంది. నాన్న క్యాలెండర్ చింపిన కాగితం వెనక పెన్సిల్‌తో తీసివేత వేసి, పదకొండు గంటల నలభై నిమిషాలే, బస్సులో తిరుపతి వెళ్లినంత అని అమ్మకి ధైర్యం కూడా చెప్పేశారు. నాకెందుకో తేడా కొడుతోంది. అసలు ఎంత దూరం, ఎంతసేపు?

లెక్కల పిచ్చోడు:
తీసివేత కరెక్టే, గడియారాలే రెండు. సెప్టెంబరులో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది, అది కలిపితే 22 గంటల 10 నిమిషాలు. అందులో దుబాయ్ దాకా నాలుగు, అక్కడ రెండు పైచిలుకు, ఆ తర్వాత ఏకబిగిన పదహారు. నవంబరులో వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు కాబట్టి చలికాలంలో తేడా పదకొండున్నర.
దూరం నేరుగా అయితే సుమారు 14,400 కి.మీ. గ్లోబు ఉంటే రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి, అట్లాంటిక్ వైపు పోదు, పైకి ఎగబాకి ఉత్తర ధ్రువం పక్కనుంచి అటు దిగుతుంది. దుబాయ్ మీదుగా 15,500 దాకా అవుతుంది. చుట్టుదారిలా కనిపిస్తుంది గానీ పెరిగేది 1,100 కి.మీ.యే, గంటకి 900 చొప్పున గంటంపావు.

సీట్ నంబర్ 14:
ధ్రువం దారి మాటలకే కాదు, 2021 జనవరిలో ఎయిరిండియా మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి అలాగే వచ్చారు, దాదాపు 14,000 కి.మీ. ఇంకోటి, మీవాళ్లు తిరిగొచ్చేటప్పుడు డాలస్ నుంచి దుబాయ్ దాకా గంటో గంటన్నరో తగ్గుతుంది. పైన గాలి పడమర నుంచి తూర్పుకి బలంగా వీస్తుంది, అది వెనక నుంచి తోస్తుంది.

ఫ్రిస్కో అత్తమ్మ:
బాబూ, కిలోమీటర్లు తర్వాత, ముందు వీల్‌చెయిర్ అడిగి పెట్టు, నడవగలిగినా సరే. దుబాయ్‌లో రెండు గంటలంటే కొత్తవాళ్లకి పరుగే. అమ్మకి నడవా పక్క సీటు చూడు, నేను మొదటిసారి కిటికీ దగ్గర కూర్చుని పక్కవాళ్లని లేపడానికి మొహమాటపడి కదల్లేదు, దిగేసరికి పాదాలు వాచి చెప్పుల్లో పట్టలేదు. దుబాయ్ నుంచి పడమరకి పోతున్నంతసేపూ బయట ఎండే, రాత్రే పడదు, కాబట్టి షుగర్ మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో డాక్టరుతో ఇండియా టైములో రాయించి హ్యాండ్‌బ్యాగులో పెట్టు. డాలస్‌లో దిగాక ఇమిగ్రేషన్ లైను, సామాను కూడా ఉంటాయి, నాలుగుకే బయటికొస్తారని అక్కని ఎదురుచూడొద్దను.

ఖమ్మం కుర్రోడు:
అందరికీ థాంక్స్. నాన్నకి చూపించా. కాగితం మీద 22:10 అని రాసి చుట్టూ సున్నా చుట్టి, అమ్మకి మాత్రం నువ్వే చెప్పు అన్నారు.