ఒంటికాలి మీద బొమ్మ నిలబడటం లేదు: స్టాప్ మోషన్ చేసినవారు కాస్త చెప్పండి

తంగేడు_హనుమకొండ:
మూడు నిమిషాల స్టాప్ మోషన్ చిత్రం మొదలుపెట్టాను, అంటే బొమ్మను కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కో ఫోటో తీసి, అన్నీ వరుసగా ఆడించడం. కథ చిన్నదే. ఒక ముసలమ్మ తెల్లవారుజామున చెరువు గట్టుకు వెళ్లి గునుగు, తంగేడు కోసుకొచ్చి బతుకమ్మను పేరుస్తుంది. సెకనుకు 12 ఫోటోల లెక్కన మొత్తం 2,160 ఫోటోలు కావాలి. నలభై తీసేసరికే ముసలమ్మ మూడుసార్లు పడింది. కాలు ఎత్తగానే పక్కకు ఒరుగుతుంది. తల కొద్దికొద్దిగా ముందుకు వాలిపోయి, పదో ఫోటోకల్లా కునుకు తీస్తున్నట్టు కనిపిస్తుంది. బొమ్మ ఎత్తు 22 సెంటీమీటర్లు. లోపల ఇనుప బైండింగ్ తీగ. తల మొత్తం ఎండిపోని రంగు క్లే. ఎక్కడ తప్పు చేశాను?

పొనికి_నిర్మల్:
తలను విడిగా తూచారా అమ్మా? మాది కొయ్యబొమ్మలు చేసే ఇల్లు. కొత్త బొమ్మ చేతికి ఇస్తే మా తాతయ్య మొహం చూడకముందే అరచేతిలో ఎగరేసి బరువు చూసేవారు.

తంగేడు_హనుమకొండ:
ఇప్పుడే కిరాణా కొట్టుకు పట్టుకెళ్లి తూయించాను. కొట్టాయన నన్ను వింతగా చూశాడు. తల 90 గ్రాములు. మిగతా ఒళ్లంతా కలిపి 110.

పొనికి_నిర్మల్:
రోగం దొరికింది. ఒంటి బరువుకు దాదాపు సమానమైన తలను మెడలోని తీగ ఎంతసేపు మోస్తుంది? తలను పొనికి చెక్కతో చేయండి. నిర్మల్ బొమ్మలకు వాడేది అదే. తేలిక, మెత్తన, చిన్న ఉలికి కూడా చక్కగా లొంగుతుంది. ముక్కను నిలువునా రెండుగా కోసి, లోపల గుల్ల చేసి, మళ్లీ అతికించండి. మెడ తీగ దూరేందుకు కింద రంధ్రం ఉంచండి. పైన సుద్ద పూత వేసి రంగులు వేస్తే అతుకు కనిపించదు.

చేర్యాల_అల్లుడు:
పొనికి అన్న మాటకు అడ్డు రావడం కాదు గానీ, ఉలి పట్టడం రానివారికి చెక్క ఎందుకండీ? చేర్యాల మా అత్తగారి ఊరు. అక్కడ పటచిత్రాలు వేసే నకాషీ కళాకారులు మాస్కులకు, బొమ్మలకు చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి వాడతారు. గింజలను నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉడికిస్తే జిగురు వస్తుంది. నేను థర్మాకోల్ ఉండ మీద ఆ ముద్దను పలుచగా, పెసరగింజ మందాన పూసి తలలు చేశాను. ముక్కు, చెంపలు వేళ్లతోనే వస్తాయి. నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి.

ఒక్కటే చిక్కు. అది తినే వస్తువు. నేను చేసిన రాజుగారి ముక్కును రాత్రికి రాత్రే ఎలుక తినేసింది. పుస్తకాలు కుట్టేవారు జిగురులో వేసే మైలుతుత్తం చిటికెడు కలిపాక ఆ బెడద పోయింది. అది విషం, వంటగిన్నెల్లో మాత్రం కలపకండి.

పొనికి_నిర్మల్:
మా చెక్క బొమ్మల ముక్కు ఎలుక తినదు బావగారూ.

కొత్తవాడ_దారం:
తల సంగతి మీరిద్దరూ తేల్చుకోండి, నేను ఎముకల దగ్గరికి వస్తాను. బైండింగ్ తీగ వద్దు. వంచి వదిలితే వెంట్రుకవాసి వెనక్కి వస్తుంది, ఆ వెంట్రుకవాసే తెరమీద వణుకు. రాగి మొదట్లో మెత్తగా ఉన్నా వంచేకొద్దీ గట్టిపడి పుటుక్కుమంటుంది. అల్యూమినియం మేలు. అదీ ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది, కాకపోతే కొంత ఓపిక పడుతుంది.

ఒకటిన్నర మిల్లీమీటర్ల తీగను చేతులకు రెండు పేటలు, కాళ్లకు మూడు, వెన్నుకు నాలుగు వేస్తాను. ఒక కొసను మేకుకు కట్టి, రెండో కొసను డ్రిల్లు మూతిలో బిగించి నెమ్మదిగా తిప్పితే తాడు పేనినట్టు వస్తుంది. మరీ బిగువుగా పేనకండి, ఆయుష్షు తగ్గుతుంది. కీళ్లు వదిలేసి మధ్యలో, ఆరాక రాయిలా గట్టిపడే ఎం‌సీల్ ముద్ద పెడితే అది ఎముక. అప్పుడు చేయి మోచేతి దగ్గరే వంగుతుంది, పాములా ఎక్కడపడితే అక్కడ వంగదు. తీగ ఎప్పుడూ ఆ ముద్ద అంచు దగ్గరే తెగుతుంది. అందుకే అక్కడ నూలు దారం చుట్టి, కీలుకు ఇరువైపులా కాస్త ఎక్కువ తీగ ఖాళీగా ఉంచండి.

భుజం దగ్గర చిన్న ఇత్తడి గొట్టం పాతి, చేయిని అందులో దూర్చి తీసేలా చేసుకోండి. విడి చేతులు రెండు ముందే చేసి పెట్టుకోండి. షాట్ సగంలో చేయి విరిగిన రాత్రి నేను ఎంత ఏడ్చానో మా ఇంట్లోవాళ్లకు తెలుసు.

కాజీపేట_జంక్షన్:
ఎవరూ పాదాల మాట ఎత్తలేదే! తల దూదిపింజలా ఉన్నా సరే, ఒంటికాలి మీద బొమ్మ దానంతట అది నిలబడదు. నిలబెట్టాలి. ప్రతి అరికాలులో ఒక 3 మిల్లీమీటర్ల నట్టును ఎం‌సీల్‌తో పాతండి. సెట్టు నేలకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడి, అడుగు పడే ప్రతిచోటా రంధ్రం చేసి, కింది నుంచి బోల్టు బిగించండి. ముసలమ్మ అడుగు తీసిన వెంటనే ఆ రంధ్రాన్ని నేల రంగు క్లేతో మూసేయాలి. బల్ల కింద చేయి పట్టేంత ఎత్తు కూడా ఉండాలి. నేను మొదట నేల మీదే సెట్టు వేసి, తర్వాత మొత్తం ఊడదీసి రెండు బెంచీల మీదికి ఎక్కించాను.

పలుచని ఇనుప రేకు నేల, కింద అయస్కాంతం పెట్టే పద్ధతి కూడా ఉంది. రంధ్రాల బాధ ఉండదు. పాత స్పీకర్లలోంచి తీసిన అయస్కాంతాలు నాకు సరిపోలేదు, బాగా బలంగా పట్టే నియోడిమియంవి కొన్నాకే బొమ్మ కదలకుండా నిలిచింది.

మౌస్_పట్టినోడు:
ఇంత కష్టం దేనికి? కంప్యూటర్‌లో చేస్తే బొమ్మ పడదు, ఎలుక తినదు.

తంగేడు_హనుమకొండ:
మా నాయనమ్మ చీర ముక్క కట్టాలని ఉందండీ బొమ్మకు. కంప్యూటర్‌కు కట్టలేను కదా.

మిగతా అందరికీ దండాలు. అల్యూమినియం తీగ వైండింగ్ దుకాణంలో దొరికింది. ఇంకో అవమానం చెప్పాలి. గట్టు మీద నిజం తంగేడు పూలు గుచ్చాను. ఎనిమిది గంటలు కూర్చొని నాలుగు సెకన్ల షాట్ తీశాను. ఆడించి చూస్తే ముసలమ్మ చేయి చాపుతుంటే పూలన్నీ ముడుచుకుపోతున్నాయి. ఆమెను చూసి భయపడినట్టే ఉంది! మా తమ్ముడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

సుద్దముక్క:
(డ్రాయింగ్ మాస్టారుగా రిటైరయ్యాను, నా మాటలు కాస్త పొడుగు. ఓర్చుకోండి.)

ప్రాణమున్నది ఏదీ సెట్టు మీద పెట్టకమ్మా. మనం రోజంతా తీసింది తెరమీద నాలుగు సెకన్లు, వాడిపోవడం కూడా ఆ నాలుగు సెకన్లలోనే కనిపిస్తుంది. తంగేడుకు పసుపు కాగితం చాలు. గునుగు మాత్రం ముందే బాగా ఎండబెట్టి వాడుకోవచ్చు. ఎండినా రంగు నిలిచే పువ్వు అది. పూల వెన్నును చిన్న ముక్కలుగా తుంచితే నీ బొమ్మ కొలతకు సరిపోతుంది.

చీర ముక్క అన్నావు కాబట్టి చెబుతున్నాను. నీ బొమ్మ మనిషిలో ఏడో వంతు. అంగుళం అంచు బొమ్మ కొలతకు మూడున్నర మిల్లీమీటర్లు కావాలి. నాయనమ్మ చీరను ఉన్నదున్నట్టు కడితే బొమ్మకు దుప్పటి కప్పినట్టు ఉంటుంది. అంచును పక్కన పెట్టి, ఉతికి ఉతికి పలుచబడిన భాగం తీసుకో, సన్నని అంచు నువ్వే గీయి. కొంగు మడతలో వెంట్రుకంత రాగి తీగ కుట్టు. అప్పుడు కొంగును పెట్టినచోటే ఉంచవచ్చు, గాలికి ఎగిరించనూ వచ్చు.

జుట్టుకు గొంగడి ఉన్ని బాగుంటుంది, కానీ జిగురుతో అణచిపెట్టు. 1933 నాటి కింగ్‌కాంగ్‌లో గొరిల్లా ఒంటిమీది బొచ్చు ఊరికే అలలలా కదులుతుంటుంది. బొమ్మను కదిపినవారి వేళ్ల ముద్రలవి.

పెంకుటింటికి సామాన్ల అట్టపెట్టె చాలు. పై కాగితం తడిపి ఊడదీస్తే లోపలి మడతలే పెంకుల వరుసలు. థర్మాకోల్ గోడలకు స్ప్రే రంగు కొట్టకు, కరిగిపోతాయి. డిస్టెంపర్ వేయి. ఎర్రమట్టి చల్లాక ఫెవికాల్ కలిపిన నీళ్లు చిలకరించు, లేకపోతే నీ ఊపిరికే మట్టి కదులుతుంది.

కాజీపేట_జంక్షన్:
వెలుతురు గురించి రెండు ముక్కలు. కిటికీలు నల్లగుడ్డతో పూర్తిగా మూయండి. మీరూ నల్లచొక్కా వేసుకోండి, తెల్లచొక్కా నుంచి పడే వెలుగు బొమ్మ మొహం మీద మారుతుంటుంది. చవక ఎల్‌ఈడీ బల్బులు కెమెరాకు మినుకుమంటాయి. బొమ్మ కదలదు కాబట్టి ఒక్కో ఫోటోను అర సెకను పాటు తీయండి, చాలావరకు సర్దుకుంటుంది. కెమెరాలో ఏదీ ఆటోమేటిక్‌గా ఉంచకండి. వెలుగు లోపలికి వచ్చే రంధ్రం కొలతను చేత్తో తిప్పి మార్చే పాత లెన్సు దొరికితే వదలకండి. కొత్త లెన్సుల్లో ఆ రంధ్రం ప్రతి ఫోటోకూ మూసుకొని తెరుచుకుంటుంది, ఆ కాస్త తేడాకే బొమ్మ మీద వెలుగు ఊగుతుంది.

ఎండాకాలంలో మాత్రం రంగు క్లే జోలికి పోకండి. నేను మే నెలలో తీసిన కుక్కకు మూతి జారిపోయింది.

తంగేడు_హనుమకొండ:
మూడు వారాల తర్వాత వచ్చాను. చేర్యాల పద్ధతిలో తల చేశాను, 18 గ్రాములు తూగింది. పొనికి గారు ఏమీ అనుకోవద్దు, ఉలితో బొటనవేలు కోసుకున్నాను. నట్లు, బోల్టులు పెట్టాక ముసలమ్మ గట్టు మీద ఆరడుగులు వేసింది. కొంచెం కుంటుతుంది గానీ ముసలావిడే కదా, అలాగే వదిలేశాను.

ఏడో అడుగు సగంలో ఉండగా కరెంటు పోయింది. ఒక కాలు గాలిలో పెట్టుకొని చీకట్లో నిలబడి ఉంది. ముట్టుకోలేదు. కరెంటు వచ్చాక మిగతా సగం వేయిస్తాను.

కొత్తవాడ_దారం:
గది తలుపు బయటి నుంచి గడియ పెట్టండి. ఇంట్లో పిల్లి ఉంటే రెండు గడియలు.