కరోనాలో మన కొంప ముంచింది వార్తలా, సర్కారు దాపరికమా?

బురుజు వీధి, కర్నూలు:

కరోనా పోయి ఇన్నేళ్లయింది, ఇప్పుడెందుకు తవ్వుతావు అంటారని తెలుసు. లెక్క తేలలేదు, అందుకే తవ్వుతున్నా. మొన్న ఇక్కడే ఒకాయన "టీవీలు చూసి భయపడి చచ్చినవాళ్లే ఎక్కువ, సర్కారు చేయాల్సిందంతా చేసింది" అని రాసినాడు. నేను ఒప్పుకోను.

2022 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన లెక్క చూడండి. మన రాష్ట్రంలో అప్పటికి అధికారికంగా కరోనా చావులు 14,500 లోపు. పోయినవాళ్ల కుటుంబాలకిచ్చే 50 వేల పరిహారం కోసం వచ్చిన అర్జీలు 36 వేల పైచిలుకు. వాటిలో 31 వేల దాకా అర్హమైనవేనని అధికారులే తేల్చినారు. అప్పటికి డబ్బులు అందింది 11 వేల మందికి. మన ప్రధాన కార్యదర్శిని వీడియోలోకి పిలిచి మరీ కోర్టు నిలదీసింది. చావుల్లో సగం కూడా లెక్కలోకి ఎక్కలేదని సర్కారు కాగితాలే చెప్తుంటే, రోజూ సాయంత్రం మనకు చదివి వినిపించిన కరోనా లెక్కల బులెటిన్ ఏంది మరి?

వార్తలు భయపెట్టినాయి, కాదనను. 2021 మే మొదటి వారం గుర్తుందా, ఎన్440కె అనే కరోనా రకం? "కర్నూలులో పుట్టిన వైరస్, 15 రెట్లు ప్రమాదం" అని పొద్దున లేస్తే అదే మోత. హైదరాబాద్‌లో జన్యు పరీక్షలు చేసే పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలేమో అది అప్పటికే తగ్గుముఖం పట్టిందని, వేరే రకాలు దాని చోటు ఆక్రమించినాయని చెప్పినారు. అప్పటి ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు దాని గురించి టీవీలో మాట్లాడితే మన వన్‌టౌన్ స్టేషన్‌లో కేసు. అదే వారంలో ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చేవాళ్లకు 14 రోజుల క్వారంటైన్ అని ఢిల్లీ ఉత్తర్వులు. రాష్ట్ర అధికారులు ఖండించినారు, నిజమే. ఖండన ఎవరిక్కావాల? మన జిల్లాలో ఎన్ని శాంపిళ్లు జన్యు పరీక్షకు పోయినాయి, వాటిలో ఏ రకం ఎంత కనపడింది అని ఒక పట్టిక పెట్టింటే ఆ రోజే నోళ్లు మూతపడేవి. కేసు పెట్టడానికి దొరికిన తీరిక దానికి దొరకలేదు.

మా చిన్నాయన ఆ నెలలోనే పోయినాడు. కోవిడ్ హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేస్తే మూడు గంటల్లో బెడ్ అని చెప్పిన రోజులవి. బెడ్ దొరికేసరికి రాత్రయింది, తెల్లారకముందే మనిషి లేడు. దహనం చేసి ఇంటికొచ్చి స్నానాలు చేస్తుంటే ఫోనుకు మెసేజ్ వచ్చింది, పాజిటివ్ అని. ఆస్పత్రి ఇచ్చిన కాగితంలో మాత్రం గుండె ఆగి చనిపోయినట్టు ఉంది. కరోనా అన్న మాటే లేదు.

ఏడురోడ్లు, కడప:

అన్నా, మీ చిన్నాయన సంగతి చదివితే బాధేసింది. అయినా చానళ్లను మీరు తేలిగ్గా వదిలేస్తున్నారు. 2020 ఏప్రిల్‌లో ఢిల్లీలో తబ్లిగీ జమాత్ మీటింగుకు పోయొచ్చినోళ్ల పేరు చెప్పి రోజంతా ఏం చూపించినారు? మా వీధిలో ముప్పై ఏండ్లుగా పండ్లమ్మే సాయిబు బండి దగ్గరికి జనం పోవడం మానేసినారు. ఆయనకు దగ్గు కూడా లేదు. కాయలు కుళ్లిపోతుంటే బండి లోపలికి తోసుకున్నాడు. ఆ పాపం ఏ బులెటిన్‌ది?

రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ కథ ఇంకొకటి. 2020 నవంబర్‌లోనే దాన్ని వాడమని సిఫారసు చేయలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆర్నెల్ల తర్వాత మన టీవీలు అది లేకుంటే బతకరు అన్నట్టు చూపించినాయి. పుస్తెలమ్మి బ్లాకులో కొన్నోళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. తర్వాత కృష్ణపట్నం ఆనందయ్య నాటుమందు, పొద్దున్నుంచి రాత్రి దాకా లైవ్.

సర్కారు ఏం చేయలేదు అనడం అన్యాయం. 2020 జులై 1న 104, 108 కలిపి 1,088 వాహనాలు ఒక్కరోజే రోడ్డెక్కినాయి. 2021 జూన్ 20న ఒక్కరోజులో 13 లక్షల పైన టీకాలు వేసినారు. తల్లిదండ్రులు పోయిన పిల్లల పేరు మీద 10 లక్షల డిపాజిట్. ఇవి లేవంటారా?

బురుజు వీధి, కర్నూలు:

లేవని ఎవరన్నారు తమ్ముడూ? చేసింది చేసినట్టు చెప్పుకోనీ. పోయినోళ్లను పోయినట్టు రాయమంటున్నా, అంతే. పండ్ల సాయిబు మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. మా పాతబస్తీలో రెండు రూపాయల డాక్టరని పేరుబడ్డ పెద్దాయన ఆ ఏప్రిల్‌లోనే పోయినాడు. ఆయన దగ్గర మందు తీసుకోని ఇల్లు లేదిక్కడ. అంత మనిషి పోతే, బతికినన్నాళ్లూ చేసిన వైద్యాన్ని వదిలేసి, ఆయన వల్ల ఎంతమందికి అంటిందో అన్న ముచ్చటే ఊరంతా తిరిగింది.

వార్డు నర్సు, కర్నూలు జిల్లా:

ఇద్దరు తమ్ముళ్లూ కాస్త వినండి. నేను ఆ రెండేళ్లూ కోవిడ్ వార్డులో చేశాను. దాచారు, దాచారు అంటుంటే మమ్మల్నే అన్నట్టు ఉంటుంది.

చావు ఎలా నమోదవుతుందో చెప్తాను. ఆస్పత్రిలో మనిషి పోతే డాక్టరు మరణ కారణం ఫారం నింపాలి. మొదటి గడిలో అప్పటికప్పుడు ఏమై పోయాడో రాయాలి. కింది గడుల్లో దానికి దారితీసిన జబ్బు, దానికీ మూలమైన జబ్బు రాయాలి. కరోనా మూల కారణంగా కింది గడిలో రావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లోనే చెప్పింది. 2021 మే నెలలో రాత్రి డ్యూటీలో ఒక డాక్టరు మీద ఎన్ని వార్డులు ఉండేవో మీకు తెలియదు. మొదటి గడిలో గుండె, ఊపిరి ఆగాయని రాసి సంతకం పెట్టి ఇంకో మంచం దగ్గరికి పరుగెత్తేవాళ్లు. కింది గడులు ఖాళీ.

ఇంకొకటి. సీటీ స్కాన్‌లో 25కి 18, 20 స్కోరు ఉంటుంది, ఆర్‌టీపీసీఆర్ టెస్టు మాత్రం నెగెటివ్. వైద్యమంతా కోవిడ్‌కే చేస్తాం. పోతే లెక్కలోకి రాదు. పల్లెల్లో ఇంట్లోనే పోయినవాళ్లకు టెస్టే లేదు. ఇందులో ఎవరో కూర్చుని కుట్ర చేసింది లేదు. చేతులు చాలలేదు.

మేమేం చూశామో చెప్పనా? ఆక్సిజన్ మీటరు గాజు గొట్టంలో చిన్న గోలీ ఉంటుంది. ప్రెషర్ తగ్గితే అది మెల్లగా కిందికి దిగుతుంది. వరుసగా నాలుగు మంచాల దగ్గర గోలీలు దిగుతుంటే ఏ మంచం దగ్గరికి ముందు పోవాలి? తిరుపతి రుయా ఆస్పత్రిలో మే 10న ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమై 11 మంది పోయారన్న వార్త మేం వార్డులో నిలబడే చదివాం. అది మా దగ్గర జరగలేదని ఊరట కూడా పడలేకపోయాం, ఎందుకంటే రేపు మా వంతేమో.

ఆదోని విలేకరి:

అక్కా, మీ కష్టానికి దండం. కుట్ర లేదన్నారు, సరే. భయం మాత్రం ఉండింది. నర్సీపట్నంలో ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు మాస్కులు లేవని అడిగినందుకు 2020 ఏప్రిల్‌లోనే సస్పెండైనాడు. ఆ తర్వాత ఏ ఆస్పత్రిలో ఎవరు నోరు తెరుస్తారు? మా సంగతీ అంతే. తప్పుడు వార్తలు రాస్తే కేసులు పెట్టొచ్చని శాఖల కార్యదర్శులకు అధికారమిస్తూ 2019 అక్టోబర్‌లోనే 2430 జీవో వచ్చింది. 2020 మార్చి 31న సుప్రీంకోర్టు కూడా అధికారిక సమాచారాన్నే ఆధారం చేసుకోమని మీడియాకు చెప్పింది. శ్మశానంలో రాసుకునే పుస్తకం చూసి నేనొక వార్త పంపితే డెస్కు పక్కన పెట్టింది. బులెటిన్‌లో ఆ రోజు జిల్లా మొత్తానికి ఉన్న అంకె కంటే ఆ ఒక్క శ్మశానంలో అంకె పెద్దది. "అధికారి ధ్రువీకరిస్తే వేద్దాం" అన్నారు. ఏ అధికారి ధ్రువీకరిస్తాడు?

నిజం రాసే దారి మూసేస్తే మిగిలింది పుకార్లే. ఎన్440కె మోగింది అందుకే.

అనంత పల్లె:

పుల్లూరు టోల్‌గేట్ సంగతి ఎవరూ ఎత్తలేదేమప్పా? మాకు సీమలో పెద్ద జబ్బంటే హైదరాబాదే గదా. 2021 మే రెండో వారంలో తుంగభద్ర బ్రిడ్జి దాటినాక తెలంగాణ పోలీసులు అంబులెన్సులు నిలిపేసినారు. ఆడ ఆస్పత్రిలో బెడ్ ఇస్తామన్న కాగితం, కంట్రోల్ రూం పాసు ఉంటేనే పోనిస్తామని. మా మామను తీసుకపోతాంటిమి. సిలిండర్ ముల్లు దిగతాంటే డ్రైవర్ ఇంజన్ ఆపల్యా, ఏసీ పోతాదని. మా యత్త ఎండలో రోడ్డు మీద పోలీసు కాళ్లు పట్టుకునింది. మావోళ్లు ఆస్పత్రికి ఫోన్ మీద ఫోన్ చేసి వాట్సాప్‌లో కాగితం తెప్పిస్తే అప్పుడు వదిలినారు. మామ బతికినాడు. వెనక బండ్లల్లో ఉన్నోళ్ల గతి తెలీదు.

మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వు మీద స్టే ఇచ్చినాకనే దారి తెరుచుకునింది. ఆడ టీవీ కెమెరాలు లేకపోయింటే అది కోర్టు దాకా పోయేది కాదని నా నమ్మకం. కాబట్టి వార్తలన్నీ చెడ్డయని నేననను. రెండు సర్కార్లు మాట్లాడుకోవాల్సిన పని రోగులు రోడ్డు మీద పడి చేయాల్సొచ్చింది. దానికి నాకు ఇప్పటికీ కడుపు మండతాది.

ఏడురోడ్లు, కడప:

పుల్లూరు తెలంగాణ తప్పు, మన సర్కారుది కాదు. ఎన్నికలు పెట్టి జనాన్ని గుంపులు చేసింది కూడా ఎన్నికల కమిషనరే.

బురుజు వీధి, కర్నూలు:

ఎన్నికల మాట ఎత్తినావు కాబట్టి రెండు వైపులా చెప్పాల. 2020 మార్చి 15న కరోనా ఉందని కమిషనర్ స్థానిక ఎన్నికలు వాయిదా వేస్తే, పారాసెటమాల్, బ్లీచింగ్ పౌడర్ చాలని అప్పటి ముఖ్యమంత్రి జగన్ అన్నాడు. 2021 జనవరికి ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు: కమిషనర్ పెడతానంటాడు, సర్కారు టీకాలేసే పనుంది, వద్దంటుంది. సుప్రీంకోర్టు పెట్టమనింది. ఆ ముందు నవంబర్‌లో తుంగభద్ర పుష్కరాలకు నదిలో మునగొద్దని మనల్ని ఆపినారు. మేం విన్నాం. మూడు నెలలు తిరక్కుండానే ఓట్ల క్యూలు. ఏది ప్రమాదమో, ఏది కాదో జనానికి ఎట్లా తెలుస్తుంది?

నర్సక్కకు ఒక్క మాట. మీరు రాసింది చదివినాక మీమీద నాకు గౌరవం పెరిగింది, తగ్గలేదు. నా కోపం మీ మీద కాదక్కా. కింది గడులు ఖాళీగా ఉన్నాయని మీకు తెలుసు. స్కాన్ కేసులు లెక్కలోకి రావని జిల్లా అధికారికి తెలుసు, విజయవాడలో బులెటిన్ తయారు చేసేవాళ్లకూ తెలుసు. అందరికీ తెలిసినప్పుడు దాని అడుగున "టెస్టు కానివాళ్లు, ఇంట్లో పోయినవాళ్లు ఇందులో లేరు" అని ఒక్క లైను రాయడానికి చేతులు చాలకపోవడమేంది? ఆ లైను లేకపోవడాన్నే నేను దాపరికం అంటున్నా. ఆ అంకె చూసి "మన ఊళ్లో పెద్దగా లేదులే" అని పెళ్లిళ్లు చేసుకున్నారు జనం.

వార్డు నర్సు, కర్నూలు జిల్లా:

ఆ లైను ఉండాల్సింది. ఆ మాట ఒప్పుకుంటాను. మమ్మల్ని అడిగి ఉంటే మేమే రాసిచ్చేవాళ్లం.

ఆదోని విలేకరి:

అసలు అంకెకు ఇంకో దారుంది. కరోనా అయినా, కాకపోయినా ప్రతి చావూ జనన మరణాల రిజిస్టర్‌లో ఎక్కాలి. ఆ రిజిస్టర్ల ప్రకారం 2021 మే ఒక్క నెలలో రాష్ట్రంలో 1.3 లక్షల చావులని అప్పట్లోనే పత్రికల్లో వచ్చింది. కరోనాకు ముందు మే నెలల్లో ఉండే దానికి అది అయిదు రెట్లకు దగ్గర. అన్నీ కరోనావే అనలేం, ఆలస్యంగా ఎక్కించినవీ, వైద్యం అందక వేరే జబ్బులతో పోయినవీ ఉంటాయి. ఊరూరా నెలవారీ అంకెలు బయటపెడితే ఈ వాదన సగం తీరుతుంది.

బురుజు వీధి, కర్నూలు:

అడుగుదాం అయితే. సమాచార హక్కు చట్టం కింద నేను మన కార్పొరేషన్‌లో అర్జీ పెడతా. మీమీ ఊళ్లలో మీరు పెట్టండి. నెలవారీ మొత్తం చాలు, పేర్లు అడగొద్దు. పేర్లడిగితే వ్యక్తిగతం అని తిప్పి పంపుతారు.

అనంత పల్లె:

మా పంచాయతీలో నేను పెడతా. ఫీజెంత? ఇంకోటి, మా ఊర్లో ఒకామె మొగుడు పోయినాడు, గడువు దాటిందని పరిహారం ఇయ్యలేదంట. ఇంక దారి లేదా?

ఆదోని విలేకరి:

గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆమె విషయం: 2022 మార్చిలో సుప్రీంకోర్టు పాత చావులకు 60 రోజుల గడువు పెట్టింది. సరైన కారణంతో ఆలస్యమైతే జిల్లా ఫిర్యాదుల కమిటీకి పోవచ్చని కూడా చెప్పింది. పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు పోయింటే, ఇంట్లో పోయినా కరోనా చావు కిందే లెక్క. పాజిటివ్ రిపోర్టు ఉందేమో కనుక్కొని, కలెక్టరేట్‌లో రాతపూర్వకంగా ఇప్పించు, రసీదు తీసుకో. ఇన్నేళ్లకు ఒప్పుకుంటారని మాటివ్వలేను, అడగనిదే మాత్రం ఏమీ రాదు. బురుజు అన్నా, మీ చిన్నాయనకు ఆ మెసేజ్ ఇంకా ఫోన్లో ఉంటే దాన్ని పోగొట్టుకోవద్దు.

వార్డు నర్సు, కర్నూలు జిల్లా:

అర్జీలో 2021 ఒక్కటే అడగకండి. 2018, 2019 కూడా నెలవారీగా అడగండి, లేకపోతే దేనితో పోలుస్తారు? చనిపోయిన తేదీ ప్రకారం ఒకసారి, నమోదైన తేదీ ప్రకారం ఒకసారి, రెండూ అడగండి. మా దగ్గర మే చావులు కొన్ని ఆగస్టులో ఎక్కాయి.