లక్షల వాచీలో ఉన్నది పనితనమా, పేరా?

బరంపురం బుల్లోడు:
స్విస్ ఆటోమేటిక్ వాచీ (చేతి కదలికకే కీ పడేది) కొందామని చూస్తున్నా. బడ్జెట్ లక్షన్నర. డయల్ మీద 'ఫలానా ఏడాది నుంచి' అని గొప్పగా ఉంది, లోపల మాత్రం ఈటీఏ అనే స్విస్ కంపెనీ చేసే 2824 మిషన్ అట. చవక బ్రాండ్లలోనూ అదే మిషన్ ఉంటుందంటున్నారు. మరి ఈ రేటు దేనికి? పాడైతే వైజాగో భువనేశ్వరమో మోసుకెళ్లాల్సిందేనా?

పర్లాకిమిడి పెద్దాయన:
2824ని తీసిపారేయకు తమ్ముడూ. గంటకి 28,800 బీట్లు (టిక్కులు), 25 జువెల్స్ (అరుగుదల తగ్గించే రాళ్లు). అందులో గ్రేడ్లున్నాయి. టాప్ గ్రేడ్‌లో టైముని నిలిపే సన్నని హెయిర్‌స్ప్రింగు, అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం లోహాలే వేరు, వాచీని అయిదు రకాలుగా తిప్పి పెట్టి టైము సరిచేస్తారు. షాపువాణ్ణి గ్రేడ్ ఏదో అడుగు, తెల్లమొహం వేస్తే నీకే అర్థమవుతుంది. పక్కవాడి మిషన్ వాడితే పరువేం పోదు. రోలెక్స్ డేటోనాలో 1988 నుంచి 2000 దాకా ఉన్నది జెనిత్ కంపెనీ ఎల్ ప్రిమెరో మిషనే, 36,000 బీట్లని 28,800కి దించి వాడారు. ఆడెమార్ పిగే వాళ్ల 1972 నాటి రాయల్ ఓక్‌కీ, పటెక్ ఫిలిప్ వాళ్ల 1976 నాటి నాటిలస్‌కీ పునాది జేగర్ లెకూల్త్ర్ కంపెనీ మిషన్.

రాయగడ రిపేరు:
మాస్టారు చెప్పింది నిజమే గానీ, డయల్ మీది ఆ ఏడాది సంగతి కూడా చూడాలి. స్విస్ కంపెనీ బ్లాంక్‌పా 1735 అని రాసుకుంటుంది. 1980ల మొదట్లో జాన్ క్లోడ్ బీవేర్, జాక్ పిగే అనే ఇద్దరు కొన్నది నిద్రపోతున్న ఆ పేరుని. జర్మన్ కంపెనీ లాంగే 1948లో ప్రభుత్వపరమైంది, 1990లో మళ్లీ లేచింది. అయితే లాంగేలో మిషన్‌ని ఒకసారి బిగించి, విప్పి, మళ్లీ బిగిస్తారు. అక్కడ డబ్బు పనికే పోతోంది.

ఇక కొనేటప్పుడు, ముఖ్యంగా సెకండ్‌హ్యాండ్ అయితే, నిండా కీ ఇచ్చి టైమ్‌గ్రాఫర్ (టిక్కులు విని మిషన్ ఆరోగ్యం చెప్పే యంత్రం) మీద పెట్టించు. ఆ యంత్రంలో నమోదు చేయాల్సిన లిఫ్ట్ యాంగిల్ 2824కి 50 డిగ్రీలు. డయల్ పైకి ఉన్నప్పుడు ఆంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ చక్రం ఎంత ఊగుతోందో) 270 నుంచి 300 డిగ్రీల మధ్య రావాలి, నిలబెడితే కాస్త తగ్గుతుంది. 220కి దిగువన ఉంటే ఆయిల్ ఎండినట్టే, సర్వీసింగ్ ఖర్చు ధరలోంచి కోయించు. బీట్ ఎర్రర్ (టిక్కుకీ టాక్కుకీ మధ్య తేడా) 0.5 మిల్లీసెకన్ల లోపుంటే మేలు.

చేత్తో కీ తిప్పుతుంటే వెనక రోటరు (ఆటోమేటిక్‌గా కీ ఇచ్చే బరువు) గిర్రున తిరుగుతోందా? రోటరు ఎటు తిరిగినా కీ పడేలా చేసే రివర్సర్ చక్రాలు పట్టేశాయి. ఈ మిషన్‌కి పాత జబ్బే. కడిగి, ఆరబెట్టి, లుబెటా వి105 అనే ప్రత్యేక లూబ్రికెంట్‌లో ముంచి తీయాలి. మామూలు ఆయిల్ చుక్క వేస్తే ఇంకా జిగురు పడుతుంది. వాచీ ఉన్నట్టుండి రోజుకి నిమిషాలకొద్దీ ముందుకి పరుగెడితే అయస్కాంతం పట్టిందేమో ముందు చూడు, దిక్సూచి దగ్గర పెడితే ముల్లు కదులుతుంది. డీమాగ్నెటైజర్‌తో క్షణాల్లో పోతుంది. దానికి ఫుల్ సర్వీస్ బిల్లు వేస్తే కట్టకు.

బరంపురం బుల్లోడు:
సొంత మిషన్ ఉన్న బ్రాండే మంచిదని ఒకాయన గట్టిగా చెప్పాడన్నా, దాని మాటేమిటి?

రాయగడ రిపేరు:
సొంత మిషన్ల విడిభాగాలు చాలా కంపెనీలు బయటివాళ్లకి అమ్మవు. చిన్న చక్రం పోయినా కంపెనీకే పంపాలి. 2824కైతే దాని నమూనాలోనే సెలిటా కంపెనీ చేసే ఎస్‌డబ్ల్యూ200 మిషన్ భాగాలు చాలావరకు సరిపోతాయి, చెయ్యి తిరిగినవాడు ఎవరైనా చేస్తాడు. గోపాల్‌పూర్ ఉప్పుగాలి తగిలే ఊరు మనది, రెండేళ్లకోసారి గ్యాస్కెట్లు (నీరు దూరకుండా ఆపే రబ్బరు రింగులు) మార్పించి నీటి పరీక్ష చేయించు.