అప్‌డేట్: మలేషియాలోని పెనాంగ్ జార్జ్‌టౌన్‌లో ఏం తినాలి?

జార్జ్‌టౌన్‌లో రెండు రోజులుంటే ఏం తినాలని అడిగాను కదా, అందరి సలహాలూ కలిపితే తేలింది ఇదీ.

ముందు అసం లక్సా. కొబ్బరిపాల లక్సా అనుకుంటే నిరాశే, ఇది అచ్చంగా కానాగంతల పులుసు. ఉడికించిన చేపను ముళ్లు తీసి చిదిమి, చింతపండుతో మరిగించి, లావుపాటి బియ్యపు నూడుల్స్ మీద పోస్తారు. పైన పుదీనా, అనాస, ఉల్లి, అల్లం జాతి పువ్వు తరుగు. చెంచాలో ఇచ్చే నల్లటి రొయ్యల పేస్టు 'హేకో'ను ఒకేసారి కలపొద్దు, పులుపు మొత్తం మింగేస్తుంది.

చార్ క్వే తియావ్ (వెడల్పాటి బియ్యపు నూడుల్స్ వేపుడు) ఒక్కో ప్లేటూ విడిగా వేయించే బండి దగ్గరే తినాలి. నాలుగైదు ఒకేసారి వేస్తే మూకుడు వేడి తగ్గి నూడుల్స్ ముద్దవుతాయి. పందికొవ్వు తరచూ వాడతారు, తిననివాళ్లు ముందే అడగండి.

తమిళ ముస్లింల నాసి కందర్ (అన్నం, కూరలు) దగ్గర 'బంజిర్' అని అడిగితే అన్నం మునిగేలా రకరకాల కూరల పులుసులు పోస్తారు. పెద్ద రొయ్య ప్లేట్లో పెట్టించుకునే ముందు రేటు అడగాలి, బిల్లు పెరిగేది అక్కడే.

శాకాహారులూ, ఆకుకూర వేపుడులోనూ రొయ్యల ముద్ద పడుతుంది! 'తాక్ నాక్ బెలాచన్' (రొయ్యల ముద్ద వద్దు) అనండి. కొబ్బరిపాలు, ఐసుతో చేసే తీపి చెండోల్‌కి ఆ బెంగ లేదు.