'బ్లాక్ మాస్'లో జానీ డెప్‌ది నటనా, మేకప్పా?

నల్లకుంట ప్రేక్షకుడు:
మొన్న శనివారం మా బ్యాచ్ అంతా మాసాబ్ ట్యాంక్‌లో ఒకరింట్లో కూర్చుని 'బ్లాక్ మాస్' (2015) మళ్లీ చూశాం. అయ్యాక గంటసేపు వాదన, తేలలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా. చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు: సౌత్ బోస్టన్‌ని గుప్పిట్లో పెట్టుకున్న నిజజీవిత గ్యాంగ్‌స్టర్ జేమ్స్ 'వైటీ' బల్జర్ కథ ఇది. ఆ పాత్ర వేసింది జానీ డెప్. ఒకపక్క హత్యలు, వసూళ్లు. ఇంకోపక్క ఎఫ్‌బీఐకి ఇన్‌ఫార్మర్. అదే పేటలో పెరిగిన ఏజెంటు జాన్ కొనొలీ అతన్ని వెనకేసుకొస్తుంటాడు. దర్శకుడు స్కాట్ కూపర్.

నా మాట సూటిగా చెప్తా. డెప్ గొప్ప నటుడే, కానీ ఇందులో నాకు కనిపించింది బట్టతల విగ్గు, నీలం లెన్సులు. మొదట్లో ఎలా ఉన్నాడో చివర్లోనూ అలాగే ఉన్నాడు. లోపలి మనిషి ఏడి?

కూకట్‌పల్లి కుర్రాడు:
అన్నా, నాదీ అదే మాట. ఆ ఏడాదే 'లెజెండ్' వచ్చింది. లండన్ గ్యాంగ్‌స్టర్లు క్రే కవలలు ఇద్దరూ టామ్ హార్డీయే. రాన్‌కి కళ్లద్దాలు ఉంటాయి, సరే. అద్దాలు పక్కన పెట్టినా ఎవరు ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. రాన్ మాట ముద్దగా వస్తుంది, రెజీ అదే గదిలో తేలిగ్గా తిరుగుతాడు. డెప్‌కి ఆ లెన్సులు తీసేస్తే ఏం మిగులుతుంది?

చిక్కడపల్లి స్టేజీ ఆర్టిస్టు:
తమ్ముడూ, కదలకుండా ఉండటం మిగులుతుంది. అది చాలా కష్టమైన పని. ఏళ్ల తరబడి పద్యనాటకాలు వేస్తున్నవాణ్ణి, రంగు పూసుకుంటే నటన తగ్గుతుందన్న మాట నేను ఒప్పుకోను. 'నర్తనశాల'లో ఎస్వీ రంగారావు కీచకుడికి ఎంత ఆహార్యం ఉంది! అయినా మనకి గుర్తున్నది సైరంధ్రిని చూసే ఆ చూపే కదా.

భోజనాల సీన్ మళ్లీ పెట్టుకుని చూడండి. కొనొలీ ఇంట్లో ఇంకో ఏజెంటు మోరిస్ స్టేక్ వండుతాడు. బల్జర్ తిని, చాలా బాగుంది, ఇందులో ఏం కలిపావని అడుగుతాడు. మా ఇంటి సీక్రెట్ అంటాడు మోరిస్. ఇతను ఇంకాస్త అడిగేసరికి వెల్లుల్లి, కాస్త సోయా అని చెప్పేస్తాడు. అక్కడ డెప్ గొంతు పెంచడు, రెప్ప వాల్చడు. ఇంటి గుట్టే ఇంత తేలిగ్గా చెప్పేశావు, రేపు నన్ను బయటపెట్టవని నమ్మకమేంటి అన్న అర్థం వచ్చేలా నిలదీస్తాడు. టేబుల్ దగ్గర అందరూ బిగుసుకుపోయాక నవ్వేస్తాడు. ఆ నవ్వుతో మనకి టెన్షన్ తగ్గదు, పెరుగుతుంది.

తర్వాత ఒంట్లో బాగోలేదని పై గదిలో ఉండిపోయిన కొనొలీ భార్య దగ్గరికి వెళ్తాడు. జ్వరం చూస్తున్నట్టే ముఖం మీద చెయ్యి వేసి, మెల్లగా గొంతు దాకా జారుస్తాడు. మాటలన్నీ పరామర్శకి వచ్చిన పెద్దమనిషి మాటలే. చెయ్యి ఒకటి చెప్తుంటే మాట ఇంకోటి చెప్తోంది. దీన్ని మేకప్ అని ఎలా అంటారు?

అమీర్‌పేట ఎడిటర్:
మాస్టారూ, మీరంటే గౌరవం ఉంది, అయినా ఇక్కడ మీతో కలవలేను. మీరు చెప్పిన రెండు సీన్లూ నిలబడింది ఎదుటివాళ్ల ముఖాల మీద. మోరిస్‌గా డేవిడ్ హార్బర్, కొనొలీ భార్యగా జూలియన్ నికల్సన్. ఆవిడ ఊపిరి బిగబట్టడం చూసే మనం భయపడతాం. బల్జర్ ముఠాలోని ఫ్లెమీకి కూతురి వరసయ్యే అమ్మాయిని బల్జర్ గొంతు పిసికే చోటూ అంతే. ఆ హత్య బరువంతా పక్కన నిలబడిన ఫ్లెమీ మోస్తాడు, అంటే రోరీ కోక్రన్. ఎడిటింగ్ టేబుల్ మీద నాకు ఇది రోజూ అనుభవమే. ఒకడు కదలకుండా కూర్చుంటే, రియాక్షన్ షాట్లు వేసి అతన్ని ఎంత పెద్దవాణ్ణయినా చెయ్యొచ్చు.

చిక్కడపల్లి స్టేజీ ఆర్టిస్టు:
ఎదుటివాళ్లు అంతగా భయపడాలంటే ఇవతలివాడు ఏదో ఒకటి అందించాలి కదా బాబూ. స్టేజీ మీద ఎడిటింగ్ ఉండదు. ఖాళీగా నిలబడినవాణ్ణి చూసి ఎవరికీ ఊపిరి ఆగదు.

మలక్‌పేట పాఠకురాలు:
"లోపలి మనిషి ఏడి" అన్న ప్రశ్న దగ్గరే నాకు పేచీ ఉంది. మనం 'నాయకుడు' చూసి పెరిగాం. బొంబాయి డాన్ వరదరాజన్ ముదలియార్ జీవితం స్ఫూర్తితో వచ్చిన ఆ పాత్రలో కమల్ హాసన్ ఏడిస్తే మనమూ ఏడ్చాం. డాన్ అంటే చిన్నప్పటి గాయం, పేదల కష్టం, ఒక న్యాయం ఉండి తీరాలన్న అలవాటు అక్కడే పడింది. ఆ అలవాటుతో బల్జర్‌ని చూస్తే ఖాళీగానే అనిపిస్తాడు. 2013లో కోర్టు 11 హత్యల్లో అతని పాత్ర రుజువైందని తేల్చింది. అయినా తను ఇన్‌ఫార్మర్‌ని కాదనే వాదించాడు. డెప్ కలవాలనుకున్నా ఒప్పుకోలేదు. అలాంటివాడికి కన్నీళ్లు పెట్టి మనసు అతికిస్తే చచ్చిపోయినవాళ్లకి అన్యాయం చేసినట్టే. డెప్ ఆ పని చెయ్యలేదు. నాకు నచ్చింది అదే. స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ నామినేషన్ వచ్చి, ఆస్కార్‌లో చోటు దొరక్కపోవడం నాకు ఇప్పటికీ బాధే.

నల్లకుంట ప్రేక్షకుడు:
అక్కా, జాలి పుట్టించమని నేను అడగట్లేదు. మార్పు చూపించమంటున్నా. బల్జర్ 16 ఏళ్లు పరారీలో ఉండి 2011లో శాంటా మోనికాలో దొరికాడు. అప్పటికి 81 ఏళ్లు. దొంగపేరుతో మామూలు అద్దె ఫ్లాట్‌లో పక్కింటి ముసలాయనలా బతికాడు. గోడల్లో 8 లక్షల డాలర్లకు పైగా నగదు, 30 తుపాకులు దాచుకున్నాడు. బోస్టన్ మొత్తాన్ని వణికించినవాడు ఎవరి కంటా పడకుండా రోజులు ఎలా గడిపాడు? పాలు కొనుక్కోవడానికి బయటికెళ్తే ఎలా నడిచాడు? నటుడికి అసలు పరీక్ష అక్కడుంది, సినిమా ఆ ఏళ్లన్నీ దాటేసింది. మాస్టారు చెప్పిన ఆ చెయ్యి సీన్ బాగుంది, కాదనను. కానీ రెండు గంటల్లో మెట్టు మెట్టుగా దిగజారిపోయే మనిషిని చూపించింది కొనొలీగా వేసిన జోయెల్ ఎడ్జర్టన్. సూట్లు మారతాయి, నడక మారుతుంది, ఇంట్లో భార్యతో మాట్లాడే తీరు మారుతుంది. నా ఓటు ఇప్పటికీ అతనికే.