రెండో డీఎన్ఎస్ పెట్టినా ఆఫీసు లోపలి పేర్లు ఒక్కోసారి దొరకట్లేదు, ఎందుకు?

వైట్‌ఫీల్డ్_అడ్మిన్:
బెంగళూరులో చిన్న ఆఫీసు, 40 సిస్టమ్స్. డీహెచ్‌సీపీలో (సిస్టమ్స్‌కు నెట్‌వర్క్ సెట్టింగులు పంచేది) మొదటి డీఎన్ఎస్ (పేరుకు ఐపీ అడ్రస్ చెప్పేది) మా సొంత సర్వర్ 10.1.1.10, రెండోది గూగుల్ వాళ్ల 8.8.8.8. మనది పడిపోయినా ఇంటర్నెట్ ఆగకూడదని అలా పెట్టాం. కానీ విండోస్‌లో ఫైల్ సర్వర్ పేరు అప్పుడప్పుడు దొరకదు, కాసేపటికి దానంతటదే వస్తుంది. ఉబుంటులో ఒకసారి పోయిందంటే నెట్‌వర్క్ తెంపి కలిపేదాకా రాదు. మొదటి సర్వర్‌లో లేకపోతే రెండోదాన్ని అడగాలి కదా?

పోర్ట్53:
అడగదండీ. "ఆ పేరు లేదు" అన్నదీ పూర్తి జవాబే, వెతుకులాట అక్కడితో ఆగిపోతుంది. మొదటిది గడువులోగా పలక్కపోతేనో, సర్వర్ ఫెయిల్ అంటేనో రెండోదాని వంతు వస్తుంది. విండోస్ ఎదురుచూసేది దాదాపు ఒక్క సెకను. వైఫైలో ఒక్క ప్యాకెట్ పోయినా చాలు, ప్రశ్న 8.8.8.8కి వెళ్తుంది. మీ లోపలి పేర్లు దానికేం తెలుసు? లేదంటుంది. విండోస్ ఆ "లేదు"ను కాసేపు క్యాష్‌లో దాచుకుంటుంది కూడా.

ఉబుంటులో పేర్లు వెతికే సర్వీసు సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ తీరు వేరు. ఒకసారి రెండోదానికి మారితే, అది పలుకుతున్నంతకాలం దాన్నే పట్టుకుని ఉంటుంది. రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్ కొట్టి 'కరెంట్ డీఎన్ఎస్ సర్వర్' వరుస చూడండి.

పాత పద్ధతిలో రిజాల్వ్.కాన్ఫ్ (డీఎన్ఎస్ సర్వర్ల జాబితా ఉండే ఫైల్) నేరుగా చదివే జీలిబ్‌సీ (లినక్స్ మూల లైబ్రరీ) అయితే ప్రతిసారీ పైనుంచే మొదలుపెడుతుంది. గడువు 5 సెకన్లు, మూడు సర్వర్లకు మించి పట్టించుకోదు. ఆల్పైన్ (చిన్న లినక్స్) కంటైనర్లు అన్నిటినీ ఒకేసారి అడిగి, ముందొచ్చిన జవాబు తీసుకుంటాయి. ఎవరి పద్ధతి వారిది, అందుకే వరుసను నమ్ముకోకూడదు. జాబితాలో ఉన్న సర్వర్లన్నీ ఒకే జవాబు ఇచ్చేవై ఉండాలి.

వైట్‌ఫీల్డ్_అడ్మిన్:
మరి 8.8.8.8 తీసేస్తే, మా సర్వర్ పడినప్పుడు ఇంటర్నెట్ కూడా పోతుందిగా?

జోన్_ఫైల్:
పోతుంది. అందుకే లోపలే రెండోది పెట్టండి, చిన్న వర్చువల్ మెషీన్ చాలు. అదే జోన్‌కు (మీ లోపలి పేర్ల పట్టిక) సెకండరీగా, అంటే దాని కాపీ ఉంచుకునేదిగా చేయండి. 53 పోర్ట్ యూడీపీతో పాటు టీసీపీలోనూ తెరవాలి, లేకపోతే జోన్ కాపీ అవ్వదు. 8.8.8.8ని ఈ రెండింటిలో ఫార్వర్డర్‌గా (తమకు తెలియని పేర్లను పంపి అడిగే సర్వర్) ఇవ్వండి, క్లయింట్లకు మాత్రం ఇవ్వకండి.

డీహెచ్‌సీపీ మార్చగానే అందరికీ చేరదు. లీజు (అడ్రస్ ఇచ్చిన గడువు) 8 రోజులుంటే మామూలుగా సగం గడిచాకే, అంటే 4 రోజులకు రెన్యూ అవుతుంది. ఆలోపు కావాలంటే ఐపీకాన్ఫిగ్ రెన్యూ, తర్వాత ఫ్లష్‌డీఎన్ఎస్ (క్యాష్ ఖాళీ చేసేది).

పోర్ట్53:
ఇంకొకటి: రౌటర్ ఐపీవీ6లో ప్రొవైడర్ డీఎన్ఎస్‌ను ప్రకటిస్తోందేమో ఐపీకాన్ఫిగ్ ఆల్‌లో చూడండి. అదుంటే ఐపీవీ4లో ఎంత సర్దినా ఇదే గోల. పరీక్షకు ఎన్ఎస్‌లుకప్ వద్దు, విండోస్‌లో అది సిస్టమ్ క్యాష్‌ను చూడకుండా నేరుగా సర్వర్‌ను అడుగుతుంది. విండోస్‌లో పింగ్, లినక్స్‌లో గెట్‌ఎంట్ హోస్ట్స్ వాడండి.