నాన్న పెళ్లికి కూతురు సాక్షి సంతకం పెట్టొచ్చునా?

ప్రశ్న: అమ్మ లేదు. నాన్న తిరుపతిలో స్పెషల్ మ్యారేజ్ యాక్టు కింద పెళ్లి చేసుకుంటుండారు. సాక్షిగా నేను పోవచ్చునా? ఏమేం చూసుకోవాల?

జవాబు: పోవచ్చు చెల్లెమ్మా. ఈ 1954 చట్టానికి ముగ్గురు సాక్షులు కావాల. పెళ్లి చేసుకునే ఇద్దరిలో ఒకరు పెళ్లి నోటీసుకు ముందు 30 రోజులన్నా ఆ జిల్లాలో ఉండాల. నోటీసు బోర్డుకు అంటిస్తారు, 30 రోజులు ఆగాల. మీ మేనత్తలు అక్కడ చదివేలోపు మీరే చెప్పేయండి! మూడు నెలల్లో పెళ్లి కాకుంటే మళ్లీ మొదట్నించి.

జవాబు: అసలు ఇరుక్కునేది అమ్మగారి మరణ ధ్రువపత్రం దగ్గర. అందులో లక్ష్మమ్మ, ఆధార్‌లో లక్ష్మీదేవి అని ఉంటే ముందే సరిచేయించుకోండి.

జవాబు: వచ్చే ఆమెకు మొదటి భర్త ఫ్యామిలీ పెన్షన్ ఉంటే సాధారణంగా ఆగిపోతుంది, అడగండి. ఇద్దరూ హిందువులై, వీలునామా లేకుంటే నాన్న తదనంతరం ఆయన స్వార్జితంలో ఆమెకూ మీతో సమాన వాటా.